గంగవ్వ పేరున్న జవాబు పత్రాలు

కరోనా సెలవులు ముగిసి పదో తరగతి పరీక్షలు మళ్లీ పాత పద్ధతిలో జరగడం మొదలయ్యాక వచ్చిన రెండో వేసవి అది. అప్పుడు నేను బాన్సువాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గెజిటెడ్ హెడ్మాస్టర్‌ని. రిటైర్మెంటు దగ్గర పడింది. వేసవి సెలవులు ఇచ్చిన వారంలోనే పై ఆఫీసు నుంచి నా పేరు మీద ఒక ఉత్తర్వు వచ్చింది. మా చుట్టుపక్కల ఒక ఊరి హైస్కూలు పిల్లలు ఇంగ్లీషు పరీక్షలో సామూహికంగా మాల్‌ప్రాక్టీస్ చేశారని అనుమానం ఉందనీ, నన్ను విచారణాధికారిగా వేశారనీ, ఫలితాలు వెలువడేలోగా నివేదిక ఇవ్వాలనీ అందులో ఉంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. నిజాంసాగర్ కాలువ కింద ఉన్న ఊరు అని మాత్రం చెబుతాను.

ఇలాంటి పనులకు నన్నే పంపడానికి కారణం ఉంది. నేను ఇంగ్లీషు చెప్పిన వాణ్ని, అదొకటి. రెండోది, నాకు మొదటి నుంచీ అనుమానం పాలు ఎక్కువ. గ్యాస్ కట్టేశానని మా ఆవిడ చెప్పినా ఒకసారి లేచి వెళ్లి చూసి వస్తాను. పరీక్షల డ్యూటీలో కాపీ కొట్టేవాడి ముఖం చూడక ముందే వాడి చెప్పులు చూసేవాణ్ని. చిట్టీ ఉన్న పిల్లవాడు కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. ఈ గుణం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు కానీ ఆఫీసులో బాగా పనికొచ్చింది.

సంగతి ఇలా బయటపడింది. పిల్లలు రాసిన జవాబు పత్రాల మీద హాల్ టికెట్ నంబరున్న భాగాన్ని చించి, కోడ్ వేసి, స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకు పంపుతారు. అక్కడ దిద్దే టీచర్లను అసిస్టెంట్ ఎగ్జామినర్లు అంటారు. వాళ్ల పైన చీఫ్ ఎగ్జామినర్ ఉంటాడు. ఎవరి పేపరు ఏ ఊరిదో దిద్దేవాళ్లకు తెలియదు. ఆ ఏడు ఒక ప్రశ్నలో ‘రన్’ అనే మాట ఇచ్చి, దాన్ని వీలైనన్ని అర్థాల్లో వాడుతూ సొంత వాక్యాలు రాయమన్నారు. ఒక అసిస్టెంట్ ఎగ్జామినర్ తన కట్టలో గంగవ్వ అనే ఆవిడ గురించిన జవాబు ఒకటి దిద్దింది. కాసేపటికి మళ్లీ గంగవ్వే వచ్చింది. ఇంకాసేపటికి మళ్లీ. పేపర్లు పక్కపక్కన పెట్టి చూస్తే అవే వాక్యాలు, అదే వరుస. చీఫ్ ఎగ్జామినర్ కోడ్ విప్పించాడు. మొత్తం పద్నాలుగు పేపర్లు, అన్నీ ఒకే బడివి.

ఆ పేపర్ల నకళ్లు నాకు ఇచ్చారు. పిల్లలు ఇంగ్లీషులో రాసింది తెలుగులో ఇదీ. గంగవ్వ వంటగదిని నడుపుతుంది. ఉల్లిగడ్డ కోస్తే గంగవ్వ ముక్కు కారుతుంది. గంగవ్వ కొత్త చీర ఉతికితే రంగు దిగింది. గంగవ్వ మేకల వెంట పడి తరుముతుంది. సంతలో నాకు గంగవ్వ ఎదురుపడింది. బియ్యం అయిపోయాయి. తెలుగులో ఇన్ని వేర్వేరు క్రియలు కావలసిన చోట ఇంగ్లీషుకు ‘రన్’ ఒక్కటే చాలు. మనకూ అలాంటి మాట లేకపోలేదు. తాళం కొడతాం, గంట కొడతాం, చెట్టు కొడతాం, సున్నం కొడతాం, ఎండ కొడుతుంది, బోరు కొడుతుంది. ‘కొట్టు’కు ఇన్ని అర్థాలున్నాయని మనకు ఎవరూ పాఠం చెప్పరు, ఇంట్లో వింటూ వచ్చేస్తాయి. పరాయి భాషలో అలా రావు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పిన నాకు తెలుసు, మన పిల్లలు ‘రన్’ అనగానే పరుగెత్తడం ఒక్కటే రాసి ఊరుకుంటారు. ఈ ఊరి పిల్లలు పద్నాలుగు మందీ అన్ని అర్థాలు రాశారు. అదే నాకు నచ్చలేదు.

మొదట కాపీ అనుకున్నాను. కానీ పదో తరగతి పరీక్షలో ఒక బడి పిల్లల్ని ఒక్కచోట కూర్చోబెట్టరు. నాలుగైదు బళ్ల వాళ్లను కలగలిపి గదులకు పంచుతారు. దీన్ని జంబ్లింగ్ అంటాం. పరీక్షా కేంద్రానికి వెళ్లి సీటింగ్ ప్లాన్ తీయించి చూశాను. ఈ పిల్లలు వేర్వేరు గదుల్లో, వేర్వేరు ఇన్విజిలేటర్ల కింద ఉన్నారు. కేంద్రం మొత్తానికి బాధ్యుడైన చీఫ్ సూపరింటెండెంట్ నాకు చాయ్ తెప్పించి, తన కేంద్రంలో ఈగ కూడా వాలలేదన్నాడు. అడగకుండానే రెండుసార్లు అన్నాడు. నేను చాయ్ తాగలేదు. ఒక గది నుంచి ఇంకో గదికి కాపీ వెళ్లడం కుదరదంటే మిగిలింది ఒకటే. ప్రశ్న ముందే తెలిసి ఉండాలి. అంటే లీక్. లీక్ అంటే పోలీసు కేసు.

పిల్లల పరిస్థితి కూడా చెప్పాలి. విచారణ తేలకపోతే ఫలితాల్లో వాళ్ల నంబర్ల ఎదుట విత్‌హెల్డ్ అని, అంటే ఫలితం ఆపి ఉంచామని, పడుతుంది. నేరం నిలబడితే పరీక్షే రద్దవుతుంది. వాళ్లలో సవిత అనే అమ్మాయి బడికి ఫస్టు. పదో తరగతి మార్కుల మీద సీట్లు ఇచ్చే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఆ అమ్మాయికి సీటు ఖాయమని బళ్లో అందరూ అనుకుంటున్నారు. మార్కులు సమయానికి రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. తర్వాత ఎప్పుడో నిర్దోషి అని తేలినా ఏ కాలేజీ ఖాళీ పెట్టుకుని కూర్చోదు.

ఆ బళ్లో ఇంగ్లీషు చెప్పేది వరలక్ష్మి మేడం. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం వాళ్లది. బాన్సువాడలోనే ఇల్లు. ముందు చెప్పకుండా వెళ్లాను. కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు. పేపర్ల సంగతి చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది. గంగవ్వ ఎవరని అడిగాను.

“ఏమోనండీ, నాకు తెలియదు. పిల్లలు వాళ్లకు తోచింది రాసుంటారు” అన్నారు.

నేను అంతకు ముందే చుట్టుపక్కల బళ్ల వివరాలుండే స్కూలు కాంప్లెక్స్ రికార్డులు చూసి వచ్చాను. గంగవ్వ ఆ బళ్లోనే మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఈ మేడం చేరక ముందు నుంచీ ఉంది. రోజూ తను పనిచేసే బళ్లోనే వండే మనిషిని తెలియదనడం ఏమిటి? నేను మళ్లీ అడిగాను. ఆవిడ మళ్లీ అదే మాట అన్నారు. ఇగ చెప్పేదేముంది, దొరికిందనుకున్నాను. బయటికి వచ్చి బండి మీద కూర్చుని, సాక్షి నమ్మదగినది కాదు అని రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఊరికి పోయాను. యాసంగి కోతలు అయిపోయి తారు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక అమ్మాయి తలకు తువాలు చుట్టుకుని కాలితో వడ్లు తిరగేస్తోంది. సవిత ఇల్లు ఎక్కడని అడిగితే, నేనే సార్ అంది. నన్నూ, నా బండినీ, చేతిలోని ఫైలునీ వరుసగా చూసింది. నేను ఎందుకు వచ్చానో అప్పటికే ఊరంతా తెలిసిపోయిందని అర్థమైంది. ఎవరు చేరవేశారో ఊహించడం కష్టం కాదు.

జవాబులు ఎవరు చెప్పారని అడిగాను.

“ఎవ్వరు చెప్పలే సార్. మేమే రాసినం.”

“అందరూ ఒక్క తీరుగా ఎట్లా రాశారు మరి?”

మళ్లీ వడ్లు తిరగేయడం మొదలుపెట్టింది. నేను కదలకుండా నిలబడ్డాను. చివరికి, “మేడం చెప్పొద్దన్నది” అంది. అని వెంటనే నాలుక కరుచుకుంది. ఏం చెప్పొద్దన్నది అని ఎన్నిసార్లు అడిగినా ఇక నోరు విప్పలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. అంతలో వాళ్ల నాన్న గట్టు మీద నుంచి వచ్చాడు. “ఏంది సారు, నా బిడ్డ దొంగతనం చేసిందా? చేస్తే చెప్పుండ్రి, నేనే తీస్కొచ్చి అప్పజెప్త. చెయ్యకపోతే గిట్ల రోడ్డు మీద నిలబెట్టి అడుగుడేంది?” అన్నాడు. ఫైలు మూసి బండి దగ్గరికి నడిచాను. కోపం మాత్రం వచ్చింది, మేడం మీద. పిల్లలకు ప్రశ్న ముందే చెప్పింది కాక వాళ్ల చేత అబద్ధం కూడా ఆడిస్తోందని నా గట్టి నమ్మకం.

విచారణలో నమ్మకం చాలదు, పరీక్షించి చూడాలి. అటెండర్‌ను పిలిపించి బడి తెరిపించాను. ఊళ్లో ఉన్న పిల్లల్ని పిలుచుకు రమ్మన్నాను. కొందరు పెళ్లిళ్లకు పోయారు, మిగతావాళ్లు వచ్చారు. గదికి ఇద్దరి చొప్పున, ఒకరికి ఒకరు వీపు పెట్టి కూర్చోబెట్టాను. సెల్ ఫోన్లు నా ముందు బల్ల మీద పెట్టించాను. ఏ మాట ఇవ్వాలో ఆ నిమిషం దాకా నేను కూడా అనుకోలేదు. ముందే అనుకుంటే నా నోటి నుంచే ఎక్కడో జారుతుందని భయం. గది గదికీ తిరిగి బోర్డు మీద ‘టర్న్’ అని రాశాను. ఎన్ని అర్థాలు తెలిస్తే అన్ని వాక్యాలు రాయమన్నాను.

కాగితాలు తీసుకుని చదవడం మొదలుపెట్టాను. గంగవ్వ అన్నం తిరగేస్తుంది. గంగవ్వ గ్యాస్ కట్టేస్తుంది. ఎండకు పాలు విరిగాయి. శనివారం గంగవ్వ ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లీషులో అన్నిటికీ ‘టర్న్’ ఒక్కటే. చివర, ప్రతి కాగితంలోనూ, ‘నా వంతు వచ్చింది, గుడ్డు మాత్రం రాలేదు’ అని ఉంది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. కానీ నవ్వే సమయం కాదు. వేర్వేరు గదుల్లో, నేను వరండాలో కాపలా తిరుగుతుండగా, నేను అప్పటికప్పుడు అనుకున్న మాటకు మళ్లీ అందరూ ఒకేలా రాశారు. దీన్ని లీక్ అనాలంటే నా బుర్రలోంచే లీక్ అయి ఉండాలి.

అయినా వదల్లేదు. ‘డ్రా’ అనే మాట ఇచ్చి మళ్లీ రాయమన్నాను. ఈసారి అందరూ బొమ్మ గీయడం రాశారు. సవిత బావిలోంచి నీళ్లు తోడడం కూడా రాసింది. ఒకడు మ్యాచ్ డ్రా అయిందని రాశాడు. ఒకడు ఏమీ రాయలేక కిటికీలోంచి చూస్తున్నాడు. ఒక్క వాక్యం కూడా ఇంకొకరితో కలవలేదు, గంగవ్వ ఎక్కడా లేదు. అంటే కొన్ని మాటలు వీళ్లకు ఎవరో ఒకే అచ్చులో పోసి నేర్పారు. కొన్ని నేర్పలేదు. నేర్పినవి ఒకేలా వస్తున్నాయి, నేర్పనివి ఎవరి తోవ వాళ్లవి. ఇందులో కాపీ లేదు, లీక్ అంతకన్నా లేదు. మరి దాచాల్సిన పనేముంది? నా అనుమానం తగ్గలేదు, దాని ముఖం మాత్రం ఇంకోవైపు తిరిగింది.

పిల్లల్నందరినీ ఒక గదిలోకి పిలిచేసరికి గంగవ్వే వచ్చింది. బడి తలుపులు తీసి ఉన్నాయని ఎవరో చెబితే వంటగది తాళం చెవులు పట్టుకుని పరుగున వచ్చిందట. అరవై దాటిన మనిషి. నన్ను చూస్తూనే, “నా పేరు పరీక్ష పేపర్ల ఎందుకెక్కింది సారూ? నా వంట పని ఇంకెవలకన్న ఇస్తున్నరా?” అంది. అలాంటిదేమీ లేదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. పిల్లలు ఏం రాశారో చదివి వినిపించమంది. ముక్కు కారడం దాకా వచ్చేసరికి, “గది గూడ రాసిండ్రా? గీ పోరగాళ్లకు సిగ్గు లేదు” అని సవిత వంక చూసింది. గది మొత్తం నవ్వింది.

గంగవ్వ దాచడానికి ఏమీ లేదనుకుంది కాబట్టి అంతా చెప్పేసింది. మధ్యాహ్నం భోజనాల గంట కాగానే పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడతారు. మేడం గంగవ్వ పక్కన నిలబడేది. వారానికి ఒక మాట. ఆ మాటతో, ఎదురుగా కనిపించే మనిషి మీదో పని మీదో, ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పినవాడికి అన్నం. ఎదురుగా కనిపించేది గంగవ్వే కాబట్టి వాక్యాలన్నీ గంగవ్వ మీదే. ముందున్న పిల్లవాడు చెప్పింది వెనకవాళ్లు వింటారు, మర్నాడు అదే చెబుతారు. వారం అయ్యేసరికి బాగున్న వాక్యాలు నిలిచిపోయేవి, వరుస కూడా ఖాయమైపోయేది. ఏడాది పొడుగునా ఇదే తంతు.

“చెప్పనోనికి బువ్వ పెట్టకపోయేదానివా?” అని అడిగాను.

ఆవిడ నా వైపు అదోలా చూసింది. “బువ్వ పెట్టకుంట ఎట్లుంట సారూ? మేడం గట్లనే అన్నది, చెప్పినంకనే పెట్టుమని. రానోడు నా మొకం జూస్తడు. నేను గరిట పెడుత. మేడం గూడ జూసి జూడనట్టు ఉంటది.”

అప్పుడు నాకు అన్నీ అర్థమయ్యాయి. మధ్యాహ్న భోజనం పిల్లల హక్కు. దానికి ఏ షరతూ పెట్టకూడదని నియమం. ఇంగ్లీషు చెబితేనే అన్నం అనే మాట బయటికి పొక్కితే చాలు, టీచర్‌ను సస్పెండ్ చేయడానికి ఇంకో కారణం అక్కర్లేదు. పేపర్లో పడితే అంతకన్నా పెద్ద గొడవ. వరలక్ష్మి మేడం దాచింది అది. లీక్ గురించి నేను అడుగుతుంటే ఆవిడ అన్నం వరుస గురించి అబద్ధం చెబుతున్నారు. పిల్లల్ని కూడా దాని గురించే నోరు మూసుకోమన్నారు.

మేడంకు ఫోన్ చేయించాను. మధ్యాహ్నానికి ఆటోలో వచ్చారు. వరండాలో గంగవ్వనీ పిల్లల్నీ చూడగానే మెట్ల దగ్గరే ఆగిపోయారు. స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్లలు కాపీ కొట్టలేదని నాకు తెలిసింది. కానీ నివేదికలో నాకు తెలిసిందంటే చెల్లదు, ఒకేలా ఎందుకు రాశారో కారణం చూపాలి. కారణం చూపాలంటే అన్నం వరుస రాయాలి. దాన్ని వదిలేసి నివేదిక రాయడానికి నేను అన్ని రకాలుగా ఆలోచించాను. ఎటు తిప్పినా మధ్యలో బొక్క కనిపిస్తోంది. నాలాంటి వాడు ఇంకొకడు పై ఆఫీసులో ఉంటే ఆ బొక్కలో వేలు పెట్టక మానడు.

ఆవిడ పిల్లల కాగితాలు అడిగి తీసుకుని చూశారు. తర్వాత, “క్లాసులో ఎంత చెప్పినా ఒక్క ముక్క గుర్తుండేది కాదండీ. ఆకలి వేళ చెబితే ఉండేది. నేను కనిపెట్టింది అంతే” అన్నారు. కాగితాలు తిరిగి నాకిస్తూ, “నేను రాసిస్తే పిల్లలు బయటపడతారా అండీ?” అని అడిగారు.

పడతారన్నాను. మీ సంగతి చెప్పలేనని కూడా అన్నాను.

“నిన్న మీరు మా ఇంటికొచ్చినప్పుడే చెప్పాల్సింది. భయపడ్డాను” అని కాగితం అడిగారు. వాంగ్మూలం తన చేత్తోనే రాశారు. ఎక్కడా సంజాయిషీ లేదు. వారానికో మాట చొప్పున నేర్పిన మాటలన్నీ గుర్తున్నంత వరకు వరసగా రాసి కింద సంతకం పెట్టారు. అందులో ‘రన్’, ‘టర్న్’ ఉన్నాయి, ‘డ్రా’ లేదు. గంగవ్వ చేత వేలిముద్ర వేయించి, ఏ పిల్లవాణ్నీ ఖాళీ పళ్లెంతో పంపలేదన్న ఆవిడ మాటను విడిగా నమోదు చేశాను. సవిత వాళ్ల నాన్న బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మీ బిడ్డ తప్పు ఏమీ చేయలేదని చెప్పాను. “గా ముక్క పొద్దుగాల రోడ్డు మీద చెప్తే బాగుండె” అని వడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

నివేదిక రెండు రోజుల్లో ఇచ్చాను. ఫలితాలు వెలువడిన రోజు ఆ పద్నాలుగు నంబర్లు కూడా అందరితో పాటే వచ్చాయి. సవితకు సీటు వచ్చింది. వరలక్ష్మి మేడంకు చార్జ్ మెమో వచ్చింది. పిల్లల భోజనానికి షరతు విధించారన్నది అభియోగం. గంగవ్వ మాట రికార్డులో ఉండడం వల్ల సస్పెన్షన్ తప్పింది కానీ ఒక ఇంక్రిమెంట్ కోసేశారు. మెమోలో ఆధారంగా చూపించింది నా నివేదికనే. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

తర్వాతి ఏడు తనిఖీకి ఆ బడికి వెళ్లాను. భోజనాల గంట కొట్టారు. పిల్లలు చేతులు కడుక్కుని వరుసగా, చప్పుడు లేకుండా నిలబడ్డారు. మేడం స్టాఫ్ రూంలో తన డబ్బా తెరుచుకుని తింటున్నారు. నాకు నమస్కారం పెట్టి మళ్లీ డబ్బా వైపు తిరిగారు. వరుస చాలా క్రమశిక్షణగా ఉందని రిజిస్టర్‌లో రాయమని హెడ్మాస్టర్ అడిగాడు. రాయలేదు.

ఈ విచారణలో నేను నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నాడని కనిపెట్టడం కష్టం కాదు, నాబోటి వాడికి అది అలవాటైన పని. ఆ అబద్ధం నేను అడుగుతున్న తప్పును దాచడానికా, నేను అడగని ఇంకోదాన్ని దాచడానికా అన్నది తేల్చుకున్నాకే కలం పట్టాలి. వరలక్ష్మి మేడం ఆ రోజు తన ఇంట్లో నాతో అబద్ధమే ఆడారు. ఆ ఒక్క మాట మీద నేను అప్పుడే నివేదిక రాసి పంపి ఉంటే పద్నాలుగు మంది పిల్లలు దొంగలయ్యేవాళ్లు. అలా రాసిన నివేదికలో మాత్రం ఒక్క తప్పు కూడా ఎవరూ చూపించగలిగేవారు కాదు.